పొట్ట పగలని మసౌకో

మా చిల్వా సరస్సు మీద మసౌకో ఎక్కడుంటాడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ పేరుకి కష్టాలని అర్థం. కష్టకాలంలో పుట్టిన మగపిల్లాడికల్లా అదే పేరు పెడతారు కాబట్టి ప్రతి రేవులోనూ ఓ గుంపు మసౌకోలుంటారు. "పొట్ట పగలని మసౌకో" అని అడగాలి. అప్పుడు ఏ దోనెవాడైనా తెడ్డెత్తి దారి చూపిస్తాడు. ఆ పేరు వెనకున్న సంగతిని కొందరు నవ్వుతాలుగా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. వాళ్ళెవరూ ఆ రోజు అక్కడ లేరు. నేనున్నాను. నాకు ఇప్పటికీ దాని మీద నవ్వు రాదు.

అప్పుడు మేం ఐదుగురం జైలోసీ తెప్ప మీద ఉండేవాళ్ళం. జమ్ము కోసి కట్టలు కట్టి, నీళ్ళలో పెరిగే జమ్ము దుబ్బుల మీద పొరలు పొరలుగా పేర్చి, దాని మీద గుడిసె వేస్తే అదే మా తెప్ప. అడుగు పొర కుళ్ళుతూనే ఉంటుంది, పైన కొత్త పొర వేస్తూనే ఉండాలి. బద్ధకించావా, పడుకున్నవాడి వీపు తడుస్తుంది. చేపలు పడే కాలమంతా అక్కడే కాపురం. వలలు, చేపలు పట్టే మావులు అనే బుట్టలు, చేపలు ఎండబెట్టే తడికలు, తిండి, తిట్లు, నిద్ర అన్నీ అక్కడే. ఒకడికి కడుపునొప్పి వస్తే ఐదుగురికీ తెలుస్తుంది. రహస్యం దాచుకోవడానికి అంతకంటే పనికిరాని చోటు ఈ నేల మీదా లేదు, నీటి మీదా లేదు.

మసౌకో మాకు వంటవాడు. మనిషి ఒడ్డూ పొడవూ బాగా ఉండేవాడు. మెడ కింద ఓ మడత, నవ్వితే కదిలే పొట్ట. మొక్కజొన్న పిండితో అతను గెలికే సంకటిలో ఒక్క ఉండ ఉండేది కాదు. చిరుచేపల పులుసు కాస్తే పక్క తెప్పలవాళ్ళు ఏదో వంక పెట్టుకుని వచ్చి కూర్చునేవారు. పొగాకు తోటల్లో కూలికి వెళ్ళి, అక్కడే భార్యను పోగొట్టుకుని, ఒంటిగా ఈ నీళ్ళ మీదికి వచ్చాడని మాత్రం మాకు తెలుసు. ఒడ్డున ముసలి తల్లి ఉంది. ఇంకేం అడిగినా పులుసులో ఉప్పు చూడమని గరిటె అందించేవాడు.

అతనిలో మాకు వింతగా ఉన్నది ఒక్కటే, చావులు. ఉన్నట్టుండి ఒక రోజు జైలోసీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, "పెద్దాయనా, మా మేనత్త పోయింది, ఒడ్డుకెళ్ళి రావాలి," అనేవాడు. కొన్నాళ్ళకి చిన్నాన్న పోయేవాడు. తర్వాత ఇంకెవరో. చావుకి వెళ్ళొద్దని మా దగ్గర ఎవరూ అనరు, అంటే పాపం. అందుకని వెళ్ళొచ్చేవాడు.

"ఒరేయ్ మసౌకో, మీ ఊళ్ళో ఇంకా మనుషులు మిగిలార్రా?" అనేవాణ్ణి నేను. "ఇలాగే పోతుంటే చివరికి నీ చావుకి పాడె మోయడానికి కూడా ఎవడూ ఉండడు."

"నువ్వున్నావుగా లాబనన్నా," అని నవ్వేవాడు. ఆ నవ్వు పొట్ట దాకా వచ్చేది కాదు. అది మాత్రం నేను గమనించాను.

ఆ ఏడు చేపలు పడటం మానేశాయి. మావులు ఎత్తితే నాచు, వల లాగితే నీళ్ళు. పక్క తెప్పవాళ్ళ తడికల మీద మాత్రం చేపలు తళతళలాడుతున్నాయి. అలాంటప్పుడు మా నీళ్ళ మీద ఎవరూ సరస్సుని తిట్టరు. ఎవడో మందు పెట్టాడంటారు. చేపల్ని తనవైపు లాక్కునే మూట ఒకటి ఎక్కడో దాచి ఉంటాడంటారు. నల్లగుడ్డ, ఎర్రదారం, లోపల ఏవో గింజలు. అలాంటి మూటలు లేవని నేననను. నేనూ ఆ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణే.

జైలోసీకి ఆ భయం అందరికంటే ఎక్కువ. అంతకుముందు వానాకాలంలో అతని భార్య పోయింది. అది ఆమె కన్నతల్లే చేసిన చేతబడి అని సోదె చెప్పేవాడు తేల్చాడు. జైలోసీ వెళ్ళి అత్తగారి గుడిసెకు నిప్పు పెట్టి, నాబందా అనే ఆ ముసలామెను రేవు దాటేదాకా తరిమాడు. అప్పటినుంచి అతనికి ప్రతి మూలా మందే కనిపించేది. తెప్ప మీద కొత్త తాడు కనిపించినా అందరి కళ్ళలోకీ చూసేవాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

ఆ ఉదయం మ్వేరా గాలి మొదలైంది. అది దక్షిణం నుంచి సన్న తుంపర తెచ్చే చలిగాలి. అది వీచినన్ని రోజులూ నీటి మీద దోనె వెయ్యడానికి ఎవడికీ గుండె ఉండదు. పని లేక కూర్చున్న మమ్మల్ని జైలోసీ గోడలు బాగు చెయ్యమన్నాడు. మాలో అందరికంటే చిన్నవాడు, నోరు మాత్రం అందరికంటే పెద్దది, వైసోనీ. వాడు వెనక గోడలో కుళ్ళిన జమ్ము లాగుతూ లాగుతూ ఆగిపోయాడు.

"పెద్దాయనా," అన్నాడు. "ఇటు సూడు."

జమ్ము కట్టల మధ్య పిడికెడంత మూట. నల్లగుడ్డ. ఎర్రదారం.

దాన్ని చేత్తో ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. జైలోసీ తెడ్డు చివరతో గోకి కింద పడేశాడు. అందరం వెనక్కి జరిగాం. ఆ గోడ కింద పడుకునేది జుస్తీనో. అతను సరిహద్దు అవతలివాడు, మొజాంబిక్ మనిషి. కొత్తగా వచ్చినవాడికి తడి మూలే దక్కుతుంది కాబట్టి అక్కడ పడుకునేవాడు. మా మాట సగం వచ్చు, సగం రాదు. అక్కడ పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారని వేళ్ళతో చూపించి చెప్పేవాడు. ఆ మూటని చూసి మాకంటే ఎక్కువ బెదిరి, దణ్ణం పెట్టుకున్నాడు.

"దండాలు పెడుతున్నాడు సూడు, దొంగ," అన్నాడు వైసోనీ.

తర్వాత అంతా గబగబా జరిగిపోయింది. జుస్తీనో చేతులు వెనక్కి విరిచి వలతాడుతో కట్టేశారు. అతను తన భాషలో ఏదో అరుస్తున్నాడు. అరిచే కొద్దీ అది మంత్రంలాగే వినిపించింది. జైలోసీ తెప్ప చివరికి వెళ్ళి, అడుగు చీలిన పాత దోనె ఒకటుంటే దాన్ని నీళ్ళలోకి తోశాడు.

"తెడ్డు లేకుండా ఎక్కించండి. తప్పు చెయ్యకపోతే గాలే ఒడ్డుకి చేరుస్తుంది. చేసుంటే సరస్సు చూసుకుంటది."

మా సరస్సు లోతు తక్కువే. చేతులు కట్టి ఉన్నవాడు మునగడానికి లోతు అక్కర్లేదు. చిల్లి దోనె ఆ గాలిలో ఎంతసేపు తేలుతుందో మా అందరికీ తెలుసు. నోరు తెరిస్తే నన్నూ వాడి పక్కన కూర్చోబెడతారు. అది నిజం. అలాంటప్పుడు మంచివాడి నోరు కూడా పెగలదు.

అప్పుడు మాడు వాసన వచ్చింది.

మసౌకో పొయ్యి ముందే కూర్చుని ఉన్నాడు. చేతిలో గరిటె ఉంది, కదలడం లేదు. సంకటి మాడుతోంది. అతని చేతిలో సంకటి మాడటం నేను ఎన్నడూ చూడలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. దొంగకి తేలు కుట్టినట్టు, పైకి అరవలేక, లోపల దాచుకోలేక కూర్చున్నాడు. తర్వాత కుండ దించి పక్కన పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

"అది నాది," అన్నాడు.

గాలిలో ఎవరికీ సరిగ్గా వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "ఆ మూట నాది. వాణ్ణి వదిలెయ్యండి. అది మందు మూట కాదు, ఆస్పత్రి మందు. సర్కారు జబ్బుకి ఇచ్చేది. ఆ జబ్బు నాకుంది."

మా వైపు ఎయిడ్స్‌ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. రేడియోలో సర్కారువాళ్ళు ఎప్పుడూ దాని గురించే చెప్తుంటారు కాబట్టి సర్కారు జబ్బు అంటాం. ఆ మాట తెప్ప మీద పడగానే ఎవరైనా కేక వేస్తారనుకున్నాను. వైసోనీ పకపకా నవ్వాడు.

"నీకా? ఆ జబ్బా? మా పెదనాన్న కొడుకు దాంతోనే పోయాడు. పాడె మీద మనిషున్నాడో లేడో దుప్పటి ఎత్తి సూడాల్సొచ్చింది. నువ్వు సూస్తే పిండి బస్తాలా ఉన్నావు. అబద్ధమాడినా అతికినట్టుండాల."

"ఈ మాత్రల వల్లే ఇలా ఉన్నాను. తోటలో ఉన్నప్పుడు నేనూ మీ అన్నలాగే ఉన్నాను. మా అమ్మ నన్ను వీపు మీద మోసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది."

"నిన్ను వీపు మీద," అని వైసోనీ మళ్ళీ నవ్వబోయాడు. జైలోసీ చెయ్యెత్తాడు. అతను నవ్వడం లేదు.

"ఈ పరదేశోడు నీకేం పెట్టాడ్రా, వాడి కోసం ఇంత మాట మీదేసుకుంటున్నావు?"

"ఏమీ పెట్టలేదు పెద్దాయనా."

"మందైతే నల్లగుడ్డ ఎందుకు? ఎర్రదారం ఎందుకు?"

"అది గొడుగు గుడ్డ. తడి దిగదని అందులో చుట్టాను. దారం మా అమ్మ దగ్గర అదే ఉంది."

ఎంత చిన్న సంగతులో చూడండి. గొడుగు నీలం రంగుదైతే ఇదంతా జరిగేది కాదు.

జైలోసీ మూట విప్పించాడు, మసౌకో చేతే. లోపల తెల్ల సీసా ఉంది. దాని మీద కాగితం లేదు, ఎవరైనా చదువుతారన్న భయంతో మసౌకోనే గీకేశాడట. సీసా నిండా దూది కుక్కి ఉంది. దూది లాగేసరికి అడుగునున్న మాత్రలు గలగలమన్నాయి. సోదె చెప్పేవాడు ఆడించే సొరకాయ బుర్ర చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. వైసోనీ ఎగిరి నా వెనక చేరాడు. ఆ చప్పుడు ఎవరికీ వినపడకూడదని పెట్టిన దూది తీసెయ్యగానే, సీసా చేతబడి మూటైపోయింది.

"నీదే అయితే మింగు," అన్నాడు జైలోసీ.

మా తాతల కాలంలో మ్వావి తాగించేవారు. అది చెట్టు బెరడు నూరిన విషం. తప్పు చెయ్యనివాడు దాన్ని కక్కేసి బతుకుతాడు. చేసినవాడికి కడుపులో ఉండిపోతుంది, పొట్ట ఉబ్బి పగిలి చస్తాడు. దాన్ని ఎప్పుడో మాన్పించారు. కానీ భయం మానలేదు. ఎదుటివాడి మందు మింగినా అంతే జరుగుతుందని మా నీళ్ళ మీద పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు.

మసౌకో ఒక మాత్ర తీసుకున్నాడు. సీసా వంచడంలో మరో రెండు జారి జమ్ము సందుల్లోంచి నీళ్ళలో పడిపోయాయి. వాటి కోసం అతను మోకాళ్ళ మీద పడి వెతుక్కున్నాడు. ప్రాణం పోతుందో ఉంటుందో తెలియని వేళ రెండు మాత్రల కోసం ఆ వెతుకులాట ఏమిటో నాకు అర్థం కాలేదు. దొరకలేదు. లేచి, చేతిలో ఉన్నది నోట్లో వేసుకుని, సరస్సు నీళ్ళు దోసిట్లో ముంచి తాగాడు.

ఇక చూడటమే మిగిలింది. వైసోనీ ఒక గాలం దారం తెచ్చి మసౌకో పొట్ట చుట్టూ కట్టి ముడి వేశాడు. ఉబ్బితే దారం చర్మంలోకి దిగుతుందట. వాడి తెలివికి ఇంకో రోజైతే నెత్తిన ఒకటి మొట్టేవాణ్ణి. ఆ రోజు నా కళ్ళు కూడా ఆ దారం మీదే ఉన్నాయి. జుస్తీనో కట్టిన చేతులతోనే కూర్చుని అదే పొట్టని చూస్తున్నాడు. ఒకడి పొట్ట మీద ఇద్దరి ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. చిల్లి దోనె తాడుకి కట్టి ఉండి, గాలికి తెప్పని మాటిమాటికీ కొడుతోంది.

మసౌకో పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఖాళీ కడుపులో మాత్ర, పైన భయం. కాసేపటికి అతనికి డోకు వచ్చింది. చేత్తో నోరు మూసుకున్నాడు. నాకు ఒక్కసారిగా ఆశ పుట్టింది. పక్కకి జరిగి చెవిలో అన్నాను.

"కక్కెయ్ రా. వేలు పెట్టుకునైనా కక్కెయ్. కక్కితే నీ తప్పు లేదని తేలిపోద్ది. ఇద్దరూ బతుకుతారు."

తల అడ్డంగా ఊపాడు. మింగి, ఊపిరి తీసుకుని అన్నాడు. "కక్కితే మాత్ర పోతుంది అన్నా. నర్సమ్మ చెప్పింది. కక్కితే ఇంకోటి వేసుకోవాలి. ఉన్నవే కొన్ని. రెండు నీళ్ళలో పోయాయి. ఈ గాలి ఎప్పుడు తగ్గుతుందో ఏంటో."

"ఒరేయ్ మూర్ఖుడా, ఆ నీళ్ళు సూడు. వీళ్ళు నిన్ను ఇప్పుడే చంపేస్తార్రా."

"వీళ్ళు చంపితే ఒకసారే చస్తాను. ఇవి మానేస్తే రోజూ చావాలి. ఒకసారి చూశాను, మళ్ళీ చూడలేను."

నాకు ఒళ్ళు మండిపోయింది. భయం ఎక్కువైతే నాకు కోపం వస్తుంది. అతని వీపు మీద గట్టిగా చరచి డోకు తెప్పిద్దామా అనిపించింది. అతను మాత్రం పళ్ళు బిగించి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, గొంతు దాకా వచ్చినదాన్ని మళ్ళీ మళ్ళీ లోపలికి మింగాడు. వీపంతా చెమట. జైలోసీ దోనె తోసే గెడ ఆనించుకుని నిలబడి రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. అతను డోకునే గుర్తుపెట్టుకున్నాడో, దాన్ని మింగడాన్నే గుర్తుపెట్టుకున్నాడో అప్పుడు నాకు తెలియలేదు.

తుంపర ఆగింది. మబ్బు వెనక సూర్యుడు నడినెత్తికొచ్చి, దాటాడు. వైసోనీ పాక్కుంటూ వెళ్ళి దారం కింద వేలు పెట్టి చూశాడు.

"వదులయింది పెద్దాయనా," అన్నాడు, తనే తప్పు చేసినట్టు.

కక్కలేదు. పగల్లేదు. మా తాతల తీర్పులో ఈ మూడోదానికి చోటే లేదు. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. చివరికి జైలోసీ తల పక్కకి తిప్పుకుని, "ఇప్పండి వాణ్ణి," అన్నాడు. నేనే వెళ్ళి జుస్తీనో కట్లు కోశాను. మణికట్లు రెండూ ఉబ్బి ఉన్నాయి.

అంతటితో అయిపోయిందనుకుంటారు. ఒక భయం పోయేదే ఇంకో భయానికి చోటు చూపించడానికి. మూట చేతబడిది కాదంటే, అది జబ్బుదే. ఆ జబ్బు చేతి సంకటినే ఇన్నాళ్ళూ అందరం ఒకే పళ్ళెంలో ముద్దలు చేసుకుని తిన్నాం. ఈ లెక్క అందరికంటే ముందు వైసోనీకి తట్టింది. తెప్ప చివరికి పరిగెత్తి, వేలు గొంతులో పెట్టుకుని, ఉన్నదీ లేనిదీ కక్కాడు. ఆ రోజు కక్కినవాడు వాడొక్కడే. జుస్తీనో తన మూలకి వెళ్ళి అటు తిరిగి కూర్చున్నాడు. మసౌకో నీళ్ళ చెంబు అందిస్తే ముట్టుకోకుండా, సరస్సులో నోరు పెట్టి తాగాడు. మసౌకో ఆ చెంబు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

మాడిన సంకటి నేను తిన్నాను. ధైర్యమనుకోకండి, ఆకలి. ముద్ద ముద్దకీ భయపడుతూనే తిన్నాను.

మర్నాడు గాలి పడిపోయింది. జైలోసీ మసౌకో వైపు చూడకుండా, "సామాను సర్దుకో. ఒడ్డుకి నేనే దింపుతాను. లాబనా, దోనెలో నీళ్ళు తోడటానికి నువ్వు రా," అన్నాడు. వంటవాణ్ణి దింపడానికి తెప్ప యజమాని వెళ్ళడం ఎక్కడైనా ఉందా? సరస్సు మధ్యలో ఏం జరిగినా సాక్ష్యం చెప్పేది కొంగలే. నన్ను రమ్మన్నాడంటే, నా నోరు నొక్కగలననే నమ్మకమై ఉంటుంది.

మసౌకో దోనె మధ్యలో కూర్చున్నాడు, నల్లమూట ఒళ్ళో పెట్టుకుని. నేను ముందు. వెనక జైలోసీ గెడ వేస్తున్నాడు. తర్వాత దోనె రేవు దారి విడిచి జమ్ము సందులోకి తిరిగింది.

"దారి ఇటు కాదుగా," అన్నాను.

నాలుగు వైపులా మనిషెత్తు జమ్ము. గెడ ఆగింది. నేను తోడే డబ్బా చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగాను. ఆ డబ్బాతో ఏం చెయ్యగలనో దేవుడికే తెలియాలి. మసౌకో తిరిగి చూడలేదు. అతని పెదవులు కదులుతున్నాయి. మూటని రెండు చేతులతో గుండెకి ఆనించుకున్నాడు.

జైలోసీ గెడ దోనెలో పడేసి, మసౌకో వెనకాల మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అది చేదుగా ఉంటుందా?" అన్నాడు.

మాకు అర్థం కాలేదు.

"ఆ మాత్ర. చేదుగా ఉంటుందా అని. చిన్నపిల్ల అయితే మింగగలదా?"

మసౌకో మెల్లగా ఇటు తిరిగాడు. "ఎవరికి పెద్దాయనా?"

"మా చిన్నదానికి. మా అక్క దగ్గర ఉంది. దగ్గు తగ్గట్లేదు. ఏం పెట్టినా ఒంటికి పట్టట్లేదు." ఆగి, నీళ్ళలోకి చూస్తూ అన్నాడు. "వాళ్ళమ్మకి కూడా ఇలాగే మొదలైంది."

"నోట్లో తెల్లగా పూసిందా?"

జైలోసీ తలూపాడు.

"వాళ్ళమ్మకీ పూసిందా?"

మళ్ళీ తలూపాడు. ఈసారి ఆ తల పైకి లేవలేదు. ఎక్కడో నీటికోడి అరుస్తోంది. దోనెలోకి నీళ్ళు వస్తున్నాయి, నేను తోడటం మర్చిపోయాను.

"అయితే," అన్నాడు జైలోసీ. "అయితే మా అత్త ఏమీ చెయ్యలేదన్నమాట. ఉత్తినే తగలబెట్టాను."

మసౌకోకి ఆ క్షణంలో ఎంతైనా అనే హక్కుంది. నేనైతే అనేవాణ్ణి. అతను, "ముందు పాప సంగతి చూద్దాం. నీ రక్తం కూడా చూస్తారు. సూది గుచ్చితే ఒక్క చుక్క, అంతే," అన్నాడు.

"నేనొక్కణ్ణే లోపలికి పోలేను రా. నువ్వు రా. నాకు భయంగా ఉంది." ఆ మాట జైలోసీ నోట వినడం అదే మొదలు. నిన్న ఒక మనిషిని నీళ్ళపాలు చెయ్యబోయిన చేతులు దోనె అంచుని వదలడం లేదు.

రేవులో దిగేసరికి చేపలు కొనే ఆడవాళ్ళు గంపలతో కూర్చుని ఉన్నారు. మసౌకోని చూసి ఒకామె పాత పాటే అందుకుంది. "వచ్చావా నాయనా, ఈసారి ఎవరు పోయారు?"

మాత్రలకి వచ్చినప్పుడల్లా చేసినట్టే మసౌకో ఎవరో ఒకర్ని చంపడానికి నోరు తెరిచాడు. "ఆస్పత్రికి పోతున్నాం," అన్నాడు వెనకనుంచి జైలోసీ, రేవంతా వినపడేలా. ఆడవాళ్ళు గంపలు సర్దుకున్నారు. జైలోసీది ధైర్యం అని నేననుకోను. అబద్ధం అల్లడానికి కూడా ఓపిక లేనంత భయంలో ఉన్నాడు.

అక్క దగ్గర్నుంచి పాపని తీసుకెళ్ళి ఇద్దరి రక్తం చూపించాం. పాపకీ ఉంది, జైలోసీకీ ఉంది. నర్సమ్మ సీసాలు ఇచ్చి ఒక్కటే అడిగింది. "నువ్వు నీళ్ళ మీద ఉంటావు. దీనికి రోజూ వేళ తప్పకుండా ఎవరు వేస్తారు?" ఆ వారం గడవకముందే జైలోసీ అక్క పాపకి పళ్ళెం వేరు చేసింది, పడక అరుగు మీదికి మార్చింది. ఇక మిగిలింది ఒక్క మనిషే.

నాబందా ముసలామె తమ్ముడి ఊళ్ళో, గొడ్ల పాక పక్కన చిన్న కొట్టంలో ఉంటోంది. జైలోసీ పాపని భుజాన వేసుకున్నాడు. మసౌకో, నేనూ వెంట వెళ్ళాం. దారిలో జైలోసీ రెండుసార్లు వెనక్కి తిరిగాడు. రెండుసార్లూ మసౌకోనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. మా దగ్గర అల్లుడు అత్తగారి మొహం చూసి మాట్లాడకూడదు, దూరంగా కూర్చుని నేల చూస్తూ మాట్లాడాలి. జైలోసీ ఆ రోజు వాకిలి బయటే మట్టిలో కూలబడ్డాడు. ఆచారం లేకపోయినా తల ఎత్తగలిగేవాడు కాదు.

చెప్పాల్సింది మసౌకోనే చెప్పాడు. జబ్బు పేరు, మందు వేళ, కక్కితే ఏం చెయ్యాలి. ముసలామె గడపలో నిలబడి మొత్తం విన్నది. పాపని ఇమ్మని చేతులు చాపింది. పాప నిద్రలోనే ఆమె మెడ పట్టుకుంది. తర్వాత ఆమె ఇంకో చెయ్యి చాపితే, జైలోసీ నేల చూస్తూనే సీసా అందించాడు.

"నా కూతురికి విషం పెట్టానన్నావు," అంది ముసలామె. గొంతు పెంచలేదు. "ఇప్పుడు దీనికి మందు నా చేతికే ఇస్తున్నావా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. సీసా ఊపి చూసింది. మాత్రలు గలగలమన్నాయి. మసౌకో అలవాటుగా జేబులోంచి దూది తీసి, "ఇది కుక్కితే చప్పుడు రాదు పెద్దమ్మా," అన్నాడు.

"రానీ," అంది ఆమె, పాపని లోపలికి తీసుకెళ్తూ.